అందరూ మనోళ్లే

పిల్లల తరఫున వాదించే లాయర్లకి అమలాపురంలో ఇస్తున్న శిక్షణ చివరికొచ్చింది. ఇక ఒక్కొక్కరూ ఒక్కో బిడ్డ పక్కన నిలబడాలి. నేర్పిన సీనియర్ సూర్యకుమారి గారు వెనక కూర్చుని చూస్తారు, నోరు విప్పరు. లిడియాకి పింకీ కేసు వచ్చింది.

పింకీకి తొమ్మిదేళ్లు. తల్లి కువైట్‌లో ఇంటిపనికి వెళ్లింది. పిల్ల మామిడికుదురులో అమ్మమ్మ అచ్చాయమ్మతో మేనమామ ఇంట్లో ఉండేది. వీపు మీద వాతలు చూసి స్కూలు టీచరు ఫిర్యాదు చేయడంతో బాలల హోమ్‌లో చేర్చారు. తిరిగి మేనమామతో పంపాలా, తల్లి వచ్చేదాకా హోమ్‌లోనే ఉంచాలా అన్నది ఈరోజు బాలల సంక్షేమ కమిటీ తేలుస్తుంది.

నిన్న హోమ్‌లో లిడియా చాప మీద కూర్చుని చాలాసేపు మాట్లాడింది. జడ రిబ్బను నములుతూ వింటున్న పింకీ చివరికి నోరు తెరిచింది.

"మావయ్య దగ్గరికి పంపొద్దండి. నేను అలా అన్నానని మీరు చెప్పకండి. మీరు పక్కనుంటే నేనే చెప్తాను."

లిడియా మాట ఇచ్చింది. బిడ్డ చెప్పొద్దన్నది మనం చెప్పకూడదు, బిడ్డ కోరుకున్నదాని బదులు మనకి మంచిదనిపించింది అడగకూడదు అని సూర్యకుమారి గారు శిక్షణలో విసుగు పుట్టేంతగా చెప్పారు.

కమిటీ ఆఫీసు మేడ మీద. లిడియా వరండాలో ఎదురుచూస్తుంటే, చేతిలో బొండాంతో ఒకాయన నవ్వుతూ వచ్చాడు.

"ఏసుదాసు మేస్టారి అమ్మాయి లిడియా గారే కదండీ? మీ నాన్నగారి దగ్గర చదివేనండి నేను. అబ్బో, తెగ బాదేసేవారు!"

"ఆయ్, నాన్నగారికి కోపం ఎక్కువేనండి," అని లిడియా కూడా నవ్వేసింది.

"ఆ దెబ్బల వల్లే బాగుపడ్డామండి. ఎండన పడి వచ్చేరు, ఇది తాగండి ముందు."

తెచ్చి ఇచ్చినదాన్ని వద్దనడం ఆమెకు అలవాటు లేదు. సగం తాగాక ఆయన నెమ్మదిగా అన్నాడు.

"నా పేరు క్రాంతికుమారండి. పింకీ మేనమామని. మీతో ఏమన్నా చెప్పిందాండీ మా పిల్ల?"

"అవి చెప్పకూడదండి," అంది లిడియా. అనేటప్పుడు కూడా ముఖం మీద నవ్వు అలాగే ఉంది. సరిగ్గా అప్పుడే హోమ్ ఆయాతో పింకీ మెట్లెక్కి వచ్చింది. బొండాం చూసింది, మావయ్యని చూసింది, లిడియా నవ్వు చూసింది. తల దించుకుని గోడవారగా లోపలికి వెళ్లిపోయింది.

లోపల కమిటీ చైర్మన్ గారు మెత్తగానే అడిగారు. "నీకు ఎక్కడుండాలని ఉందమ్మా?"

"మావయ్యతో వెళ్తానండి."

నిన్నటి మాట చెప్పేస్తే ఇచ్చిన మాట తప్పినట్టు. చెప్పకపోతే పిల్ల సాయంత్రానికి ఆ ఇంట్లో ఉంటుంది. వెనక్కి తిరిగి చూస్తే సూర్యకుమారి గారు కిటికీ వైపు చూస్తున్నారు.

"సార్, పాపతో కాసేపు విడిగా మాట్లాడాలండి," అంది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

పక్క గదిలో విరిగిన కుర్చీలు పోగేసి ఉన్నాయి. లిడియా కింద కూర్చుంది. పింకీ తలుపు దగ్గరే నిలబడింది.

"ఆయనెవరో తెలీక తాగేను. తెలిశాక కూడా నవ్వేను. అది తప్పే. నువ్వు చెప్పింది మాత్రం ఒక్క ముక్క కూడా చెప్పలేదు."

పింకీ గుసగుసగా అంది. "ఆఫీసులో అందరూ మనోళ్లేనని మావయ్య ముందే చెప్పేడండి. ఏం చెప్పినా నాకు తెలిసిపోద్దన్నాడు."

"నీకు నేను వద్దనిపిస్తే వేరే ఊరి లాయరు గారిని అడుగుదాం. అలా అడిగే హక్కు నీకుంది."

"మళ్లీ మొదట్నించీ చెప్పాలా?"

లిడియా జవాబు చెప్పేలోగా తలుపు అవతల క్రాంతికుమార్ గొంతు వినిపించింది. "పింకీ తల్లీ, అయ్యిందా? కింద అమ్మమ్మ ఎదురుచూస్తుందే." ఎంతో ముద్దుగా ఉంది ఆ పిలుపు. పింకీ ఒక్క ఉరుకున వచ్చి లిడియా వెనక నక్కింది. గౌను తడిసిపోయింది. లిడియా తన చున్నీ తీసి పిల్ల నడుముకి చుట్టింది.

"నేను చెప్పేటప్పుడు ఆయన ఎక్కడుంటాడండి?" పింకీ అడిగింది.

"కిందికి పంపించమని అడుగుతాను. తలుపు వేసి, దానికి ఆనుకుని నేను నిలబడతాను."

"మరి నా పక్కనెవరుంటారు?"

లిడియాకి ఆ మాట తోచనే లేదు.

మళ్లీ లోపలికి వెళ్లి ఆయన్ని కిందికి పంపమని అడిగింది. చైర్మన్ గారు పంపించారు. లిడియా ఒకసారి తలుపు వైపు, ఒకసారి పిల్ల వైపు చూసింది. వెనక కుర్చీ కదిలిన చప్పుడైంది. సూర్యకుమారి గారు లేచి వెళ్లి, తలుపుకి వీపు ఆనించి నిలబడ్డారు.

పక్కకొచ్చి చెయ్యి పట్టుకున్న లిడియా అరచేతిలో పింకీ గోళ్లు దిగాయి.

"కొబ్బరికాయల కొట్టుగదిలో పెట్టి తాళం వేస్తాడండి. ఏడిస్తే బెల్టుతో కొడతాడు. అడ్డమొస్తే అమ్మమ్మని కూడా."

ఆ చివరి మాట నిన్న చెప్పలేదు.

తల్లి వచ్చేదాకా పాప హోమ్‌లోనే ఉండాలని కమిటీ నిర్ణయించింది. ఆయా చెయ్యి పట్టుకుని పింకీ వరండాలోకి వచ్చింది. కిటికీ చువ్వల్లోంచి కిందికి చూసి బిగుసుకుపోయింది. కింద మోటార్ సైకిల్ స్టార్టయి ఉంది. వెనక సీటు మీదికి ఎక్కలేక అచ్చాయమ్మ అవస్థ పడుతోంది. క్రాంతికుమార్ మేడ మీదికే చూస్తున్నాడు. ఇప్పుడు నవ్వడం లేదు.

"అమ్మమ్మ ఒక్కర్తే వెళ్తాదాండి, ఆయనతో?"

ఏం కాదులేమ్మా అనబోయి లిడియా ఆగింది. ఏం కాదని ఆమెకు తెలియదు.

"అచ్చాయమ్మ గారూ, ఎక్కకండి!" అని పై నుంచే కేకవేసి, మెట్ల వైపు పరుగెత్తింది.