పదో నంబరు బూట్లు

కుక్కర్ కట్టేసి, ఫ్రిజ్ స్విచ్ ఆపేసి, అత్తగారి గది తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి వచ్చి, ఆవిడ మగాడి బూట్లలో కాళ్ళు దూర్చింది. బూట్లు పదో నంబరు, ఆవిడది ఐదు. మిగిలిన చోటంతా పాత మేజోళ్ళు కుక్కుకుంది. ఇంటి వెనక గదికి గోడలనిండా బొంతలు కొట్టి, దానికి స్టూడియో అని పేరు పెట్టుకున్నారు వాళ్ళాయన. నేల మీద ఒక ట్రేలో కంకర, ఒకదాన్లో ఇసుక, ఒకదాన్లో ఎండుటాకులు. ఎదురుగా తెర మీద మనిషి నడిస్తే, కాలు కాలుకీ సరిపోయేలా ఆవిడ వాటిలో నడవాలి. సినిమాల్లో వినపడే అడుగులూ, తలుపు గడియలూ, బట్టల గరగరలూ చాలావరకు ఇలా తర్వాత ఎవరో ఒకరు చేసి అతికించేవే. ఆ ఎవరో ఒకరు పదకొండేళ్ళుగా ఆవిడే. పేరు మాత్రం ఆయనది.

"మా ఆవిడ కూడా కాస్త సాయం చేస్తుంది," అంటారు ఎవరైనా వస్తే. సాయమట. ఆయన రికార్డింగు మిషను ముందు కుర్చీలో చేరబడి మీట నొక్కుతారు, అది ఉద్యోగం. ఆవిడ గుర్రమై పరిగెడుతుంది, వానై కురుస్తుంది, గుండు తగిలి దబ్బున పడి చస్తుంది, మధ్యలో లేచి వెళ్ళి అత్తగారికి మాత్రలిచ్చి వస్తుంది, అది సాయం. ఫ్రిజ్ మోత రికార్డులో పడకూడదని ఆపేది ఆయన పని కోసమే. మళ్ళీ వెయ్యడం మర్చిపోయి పాలు విరిగిన రోజున మాత్రం అది పూర్తిగా ఆవిడ ఘనకార్యం. "రోజంతా ఏం చేస్తావమ్మా, ఆ గదిలో టకటకలాడించడం తప్ప," అని అత్తగారు వారం రోజులు సాధించింది.

ఈసారి వచ్చింది పద్దెనిమిది నిమిషాల కౌబాయ్ సినిమా. టోపీలు, గుర్రాలు, దుమ్ము, అన్నీ ఉన్నాయి. తుపాకీ మాత్రం ఒక్కసారీ పేలదు. పశువులు తోలుకునే ఇద్దరు మగవాళ్ళు ప్రేమలో పడతారు. అంతే కథ.

ఆయన చూసి పడీ పడీ నవ్వారు. "వీళ్ళ మొహాలకి మీసాలొకటి. ఇదో ప్రేమ, దానికో సినిమా." అదే నోటితో పది నిమిషాల తర్వాత ఫోనులో డైరెక్టరుతో, "గుండె బరువెక్కిపోయింది సార్, గొప్ప ప్రేమకథ," అన్నారు. నోరా అది, ఎటు తిప్పితే అటు తిరిగే కుళాయా అనుకుంది ఆవిడ. ముద్దు దగ్గరికి వచ్చేసరికి, "ఛీ, అది నువ్వే చేసెయ్, నా వల్ల కాదు," అని మొహం తిప్పుకున్నారు. మిగతావన్నీ ఆయన వల్లే అవుతున్నట్టు. ఆవిడ మైకు ముందు తన ముంజేతినే ముద్దు పెట్టుకుంది. గిన్నెలు తోమిన సబ్బు వాసన ఇంకా పోలేదు. ఏడెనిమిదేళ్ళలో ఆ చేతికి తగిలిన ముద్దు అదొక్కటే, అదీ తన సొంతం. నవ్వొచ్చింది, వెంటనే ఒళ్ళు మండింది.

ఆవిడను పట్టుకుని వదలనిది మాత్రం ముద్దు కాదు, నడక. చివర్లో గుర్రాలు పోగొట్టుకుని ఇద్దరూ కొండదారిలో నడుస్తుంటారు. వెనకవాడికి కాలు బెణికింది. ముందువాడు తిరిగి చూడడు, ఏమీ అనడు, అడుగు మాత్రం తగ్గిస్తాడు. వెనకవాడు వచ్చి కలుస్తాడు. నాలుగే అడుగులు. అవి సరిగ్గా రావడానికి ఆవిడకు రెండు రోజులు పట్టింది, ఎందుకంటే ఆ చప్పుడు ఆవిడ ఎన్నడూ విని ఎరగదు. పెళ్ళైన మర్నాటి నుంచీ వీధిలో ఆయన పది గజాలు ముందే. ఆవిడ కడుపుతో ఉన్నా అంతే, రెండు చేతులా సంచులున్నా అంతే. "త్వరగా రావే, నీతో బయల్దేరితే తెల్లారినట్టే," అనే మాట భుజం మీంచి వెనక్కి వచ్చి పడేది. ఆయన మొహం కంటే ఆయన వీపు ఆవిడకు బాగా తెలుసు. తన కోసం ఎవరైనా నెమ్మదిస్తే ఎలా ఉంటుందో ఊహించుకుని నడిచింది. నడిచాక బూట్లయినా విప్పకుండా కంకరలో కూలబడి ఏడ్చింది. ఆయన హెడ్‌ఫోన్స్ తీసి, "అయిందా? టీ పెట్టు," అన్నారు.

మర్నాడు మధ్యాహ్నం డైరెక్టరు వచ్చాడు. బక్కపలచటి మనిషి, మెత్తటి మాట. కళ్ళు మూసుకుని సినిమా మొత్తం విన్నాడు. ఆవిడ టీ కప్పులతో గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఆ చివరి అడుగులు ఎవరు చేశారండీ?"

చెప్పండి, ఈ ఒక్కసారికి చెప్పండి అనుకుంది ఆవిడ.

"నేనే సార్. మా ఆవిడ కాస్త సాయం చేసింది."

"ముద్దు కూడా మీదేనా? ఎంత బావుందో."

ఆయన మొహం జేవురించింది. "అబ్బే, అలాంటివి నేను చెయ్యను. అది ఆవిడే. మిగతావన్నీ నావి." ఇన్నేళ్ళకు ఆయన నోటి వెంట ఆవిడ వాటాకు వచ్చింది ఆ ఒక్క ముద్దు, అదీ ఆయనకు రోత కాబట్టి.

"అయితే సార్, చిన్న పని. చివరి షాట్ కాస్త పొడిగించాను. అలాంటివే ఇంకో నాలుగు అడుగులు కావాలి. ఇప్పుడే చేసిస్తే పట్టుకుపోతాను."

ఆయన ఆవిడ వైపు చూశారు. నువ్వు చేసెయ్, నేను చేసినట్టు ఉంటాను అనే చూపు. పదకొండేళ్ళుగా ఆ చూపు పడగానే లేచేది. ఇవాళ టీ కప్పులు కింద పెట్టి, మిషను ముందు ఆయన కుర్చీలో కూర్చుని, హెడ్‌ఫోన్స్ తగిలించుకుంది.

"బూట్లు ఆ మూలనే ఉన్నాయండీ," అంది.

ఆయన కాలు దూర్చబోతే దూరలేదు. లోపల కుక్కిన మేజోళ్ళు ఒక్కొక్కటే బయటకు లాగవలసి వచ్చింది. డైరెక్టరు ఆ మేజోళ్ళను చూశాడు, ఆవిడ చిన్న పాదాలను చూశాడు.

ఆయన నడిచారు. కంకర దడదడలాడింది.

"కాదు సార్. పక్కవాడి కోసం తగ్గుతున్నాడు కదా."

మళ్ళీ నడిచారు, బస్సు తప్పిపోతున్నవాడిలా. మూడోసారి నెమ్మదిగా వెయ్యబోయి తూలి గోడ పట్టుకున్నారు. నుదుటి చెమట తుడుచుకుంటూ ఆవిడ మీద పళ్ళు నూరారు. "ఇంకెంత నెమ్మదిగా నడవాలే?"

ఆవిడ మీట మీద వేలు పెట్టింది.

"పక్కన ఇంకో మనిషి ఉందని గుర్తొచ్చేంత. నడవండి, నేను వింటున్నాను."