బట్టల పార్సిల్

మా ఇంట్లో ముద్ద తినేది ముగ్గురం. కానీ కంచాల ముందు కూర్చునేది అయిదుగురు: మామ, మా ఆయన, నేను, కంపెనీ, సర్కారు. ఆ చివరి ఇద్దరికీ నేనెప్పుడూ వడ్డించింది లేదు. అయినా ఇంట్లో ఎక్కువ మాట వాళ్ళదే.

మా మామ కదిరప్పకు మారతహళ్ళి బ్రిడ్జి దగ్గర ఆటో స్టాండు. మా ఆయన మోహన్‌కుమార్‌ది కంపెనీ యాప్ మీద నడిచే బైక్ ట్యాక్సీ. బైకుల మీద బాడుగకు మనుషుల్ని ఎక్కించుకోకూడదని సర్కారు ఆపేసినప్పటి నుంచీ ఇద్దరికీ ముద్ద గొంతు దిగడం లేదు. కారణాలే వేరు.

"మొదట్లో ఏం చేసిరి ఈ కంపెనీవాళ్ళు? సుమ్నే ఊరికే తిప్పినట్టు తిప్పిరి. జనం ఎగబడిరి. మా స్టాండు బోసిపాయ. ఇప్పుడు వానొస్తే మూడింతలు గుంజుతా ఉండారు. సర్కారు ఇన్నాళ్ళకు కండ్లు తెరిచినాది," అంటాడు మామ.

"మీ యూనియన్ ఓట్ల కోసం తెరిచినాదిలే నాయనా. మెట్రో దిగినోడు ఇంటికి ఎట్ల పోవాల? సందులోకి బస్సు ఉండాదా? మీవాళ్ళు మీటరు ఏస్తారా? కంపెనీ నన్ను ఎవురి సిఫార్సూ అడగలేదు. పని ఇచ్చినాది," అంటాడు మా ఆయన.

"ఇచ్చినోడే పీకినాడు కదప్పా! నీ ఐడీ బ్లాక్ చేసినప్పుడు అడిగేదానికి ఒక మనిషన్నా ఉండెనా?"

అది నిజమే. వానలో రెండు మూడు బుకింగులు కాదన్నాడని యాప్ మా ఆయన్ని ఒకరోజు బయటికి నెట్టేసింది. ఫోన్ చేస్తే మిషన్ మాట్లాడింది. అప్పుడు స్నేహితుడు రియాజ్ హొసకోటెలో గోడౌన్ పనికి పోతూ తన ఐడీ ఈయనకు ఇచ్చిపోయాడు. అప్పటి నుంచీ యాప్‌లో మా ఆయన పేరు రియాజ్. ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే.

ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది, నా తలనొప్పి అదే. అబద్ధం చెప్పేవాడు ఒకడుంటే వాడి మీద అరిచి ఊరుకునేదాన్ని. కంపెనీవాళ్ళు ఎక్కడో అద్దాల బిల్డింగులో ఉంటారు, సర్కారు విధానసౌధలో ఉంటుంది, కొట్లాట మాత్రం నా వంటింట్లో.

ఆపమన్నాక కంపెనీ ఏం చేసిందో చూడండి. యాప్‌లో బైకు మీద కూర్చున్న మనిషి బొమ్మ తీసేసి అట్టపెట్టె బొమ్మ పెట్టింది. దాని పేరు పార్సిల్. ఎక్కేదీ మనిషే, దిగేదీ మనిషే, మధ్యలో మాత్రం పార్సిల్. పట్టుబడితే "మనుషుల్ని ఎక్కించమని మేమెప్పుడన్నాం?" అని చేతులు దులుపుకుంటుంది. బండి పోయేది నడిపేవాడిది. ఎంత తెలివో!

స్టాండువాళ్ళు కూడా ఒక కట్టు పెట్టుకున్నారు. ఎవడింట్లో బైక్ ట్యాక్సీ ఉంటే వాడి ఆటో వరసలో నిలబడకూడదు. మామ ఇంటికొచ్చి కొడుకు చేత ఒట్టు వేయించుకున్నాడు. మర్నాడు స్టాండులో అందరి ముందూ "మా ఇంట్లో ఆ పని లేదప్పా" అని చెప్పాడు. ఒట్టు వేసినవాడు వారం తిరక్కుండానే మళ్ళీ బైకు తీశాడు. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు.

అప్పటి నుంచీ నాకు ఒకచోట కుదురు లేదు. రవికలు కుడుతూ కూర్చుంటే సూది వేలికి గుచ్చుకుంటుంది. వీధిలో బండి ఆగితే లేచి తలుపు దగ్గరికి పోతాను. ఆయన దొరికితే బండీ పోతుంది, స్టాండులో మామ చోటూ పోతుంది, ఆ తండ్రీకొడుకులు మళ్ళీ ఒకరి మొహం ఒకరు చూసుకోరు. చెప్తే వింటాడా? "పార్సిల్ నేత్రా, భయమేల?" అని నవ్వుతాడు.

నిన్న పొద్దున మామకు టిఫిన్ ఇద్దామని స్టాండుకు పోయాను. ఆటోల వెనక ఒక జీపు, అందులో ఇద్దరు ఆర్టీవో ఆఫీసర్లు. స్టాండు పెద్ద చెన్నరాయప్ప నన్ను చూసి మొహం చేటంత చేసుకున్నాడు.

"మంచి టైముకు వచ్చినావు నేత్రమ్మా! మగోళ్ళు నిలబడుకుంటే ఈ బైకోళ్ళు దూరం నుంచే చూసి పారిపోతా ఉండారు. నువ్వయితే నమ్ముతారు. ఎక్కినట్టు చేసి తాళంచెవి పీకెయ్. మిగతాది మేం చూసుకుంటాము."

"నాకు కుట్టుపని ఉండాదన్నా," అన్నాను.

"రెండు నిమిషాల పనమ్మా. ఏమి కదిరప్పా, నీ కోడలు అంత భయపడతాది?"

మామ నా వైపు చూశాడు. ఇంకా కాదంటే ఎందుకని అడుగుతారు. నిలబడ్డాను. చెన్నరాయప్ప ఫోన్లో ఆ యాప్ దించి, శైలజ అనే దొంగపేరు పెట్టి ఉంచుకున్నారు. బుక్ చెయ్యమని ఆ ఫోన్ మామకు ఇచ్చాడు.

"పార్సిల్‌లో ఏముంది అని అడుగుతా ఉండాదప్పా, ఏమి ఒత్తేది?" అన్నాడు మామ.

"బట్టలు అను. కట్టుకోనుండేది బట్టలే కదా!" అన్నాడు చెన్నరాయప్ప. స్టాండంతా నవ్వింది. నాకు ఒళ్ళు మండింది.

ఫోన్ టింగుమంది. నేను మామ పక్కనే ఉన్నాను, కనిపించింది. రియాజ్. మ్యాప్‌లో మా సందు మొదట్లో బైకు బొమ్మ ఒకటి నిలబడి ఉంది. చూస్తుండగానే కదిలింది.

మా ఆయనకు చెయ్యడానికి నా ఫోన్ కొంగులోనే ఉంది, కానీ చెన్నరాయప్ప ఎదురుగానే ఉన్నాడు. మామ ఆ పేరు చూశాడు, ఆ సందు చూశాడు. మామ మెడ మీద నరం ఒకటి లేచింది. ఈ మనిషి కోపం నాకు తెలుసు. "రానీ" అంటాడనే అనుకున్నాను.

మామ బొటనవేలు ఒత్తింది. బుకింగ్ క్యాన్సిల్ అయిపోయింది.

"ఏమాయ?" అన్నాడు చెన్నరాయప్ప.

"దూరం చూపిస్తా ఉండాది. ఇంకొకటి చేస్తాను," అన్నాడు మామ, నా వైపు చూడకుండా.

నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఆ సంతోషంలో రెండో పేరు సరిగ్గా చూడనే లేదు.

వచ్చింది ఒక అమ్మాయి, స్కూటర్ మీద. పాతికేళ్ళుంటాయేమో. మెడలో ఇంకా ఏదో ఆఫీసు ట్యాగు తాడు ఉంది, కార్డు లేదు.

"శైలజగారేనా?" అంది. అవునమ్మా అన్నాను. "తెలుగా మీరు? హమ్మయ్య. నేను వర్షిణి అండీ, ఫస్ట్ వీక్, రూట్స్ సరిగ్గా రావు, మీరే చెప్పాలి. జాబ్ పోయాక ఇదొక్కటే దొరికింది." హెల్మెట్ నా తలకు పెట్టింది. "స్ట్రాప్ కొంచెం లూజ్ అక్కా, ఆగండి," అని నా గడ్డం కింద తనే బిగించింది. వేళ్ళు చల్లగా ఉన్నాయి.

వెనక్కి తిరిగి చూశాను. మామ నేలకేసి చూస్తున్నాడు. చెన్నరాయప్ప కానిమ్మని చెయ్యి ఊపుతున్నాడు.

తాళంచెవి పీకాను.

ఆ అమ్మాయి మొదట నవ్వింది, ఏదో వేళాకోళం అనుకుని. తరువాత జీపు దిగినవాళ్ళను చూసింది. "అక్కా, నేను పార్సిలే కదా యాక్సెప్ట్ చేసింది! యాప్‌లో అలాగే ఉంది, చూడండి," అని ఫోన్ ఆఫీసర్ మొహం ముందు పెట్టింది. ఆయన చూడలేదు. ఆమె కంపెనీకి ఫోన్ చేసింది. మిషనే పలికింది. స్కూటర్‌ను లారీ ఎక్కిస్తుంటే నా దగ్గరికి వచ్చి, "హెల్మెట్ ఇవ్వండి, అది నాదే," అంది. తిట్టలేదు. తిడితే బాగుండేది. స్ట్రాప్ ఊడదీయడం నాకు చేతకాలేదు. అది కూడా తనే తీసుకుంది.

సాయంత్రం ముద్ద కలుపుతుంటే మా ఆయన మొదలుపెట్టాడు.

"బ్రిడ్జి కాడ ఎవుర్నో పట్టినారంట, ఆడపిల్లంట. చూస్తా ఉండు నాయనా, కంపెనీ కోర్టులో నిలబెడతాది ఈ సర్కారును."

మామ చెయ్యి కంచంలోనే ఆగింది.

"కంపెనీకి ఆ అమ్మి ఎవురో తెల్దు. సర్కారుకూ తెల్దు. పట్టిచ్చింది నేనూ, నీ పెండ్లామూ."

మా ఆయన నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయాడు.

"ముందు రియాజ్ పేరు పడెను," అన్నాడు మామ. "మన సందులో ఉండాడని చూపించెను. కొట్టేస్తిని. అది కొట్టేసినాక ఆ అమ్మి వచ్చినాది."

మా ఆయన కంచం పక్కకు జరిపి అన్నాడు: "ఒట్టు తప్పింది నేను. నన్నే పట్టియ్యాల్సింది నాయనా."

"చెయ్యి రాలేదురా," అన్నాడు మామ.

"నాకు వచ్చింది మామా," అన్నాను.