బజారు బందైన రోజు

వరంగల్ చౌరస్తా బజార్లో స్టీలు సామాన్ల దుకాణం నడిపే శ్యాంసుందర్‌కి ఒకే ఒక్క నియమం ఉంది. గల్లా పెట్టె దగ్గర ఇంటి మనిషే కూర్చోవాలి. పనివాళ్ళు ఎంత నమ్మకస్తులైనా సరే, డబ్బు పెట్టె వైపు తొంగి చూడకూడదు. ఇంటి మనుషులంటే ఆయనా, ఆయన భార్య సుకన్యా. కాబట్టి పెళ్ళయిన నాటి నుంచీ ఆ మొగుడూ పెళ్ళాలు కలిసి ఏ ఊరూ వెళ్ళిన పాపాన పోలేదు. చుట్టాల పెళ్ళికి ఆయన ముహూర్తానికి వెళ్తే ఈవిడ రిసెప్షన్‌కి వెళ్తుంది. యాదగిరిగుట్టకు ఈవిడ శ్రావణంలో వెళ్తే ఆయన కార్తీకంలో వెళ్తాడు. వీళ్ళిద్దరూ ఒకరికొకరు ఏమవుతారో ఆ నరసింహస్వామికి ఇప్పటికీ తెలిసి ఉండదు. కూతురు పూజ పెళ్ళి రోజున మాత్రం షట్టరు దించారు, అదీ పొద్దుటి బేరాలు చూసుకున్నాకే.

అలాంటి మనిషి, వర్తక సంఘం వాళ్ళు కొడైకెనాల్ యాత్ర పెడితే పోయి రెండు పేర్లు ఇచ్చి వచ్చాడు. సుకన్యకు నమ్మబుద్ధి కాలేదు. గల్లా సంగతేమిటని అడిగితే, పూజను డోర్నకల్ నుంచి పిలిపించి కూర్చోబెడదామన్నాడు. ఆమె కొత్త స్వెటరు కొనుక్కుంది, ఆయనకూ ఒకటి కొన్నది. తీరా స్టేషన్లో బండి కోసం నిలబడ్డాక ఫోనొచ్చింది. మర్నాడు సరుకు లారీ దిగుతుందట. సరుకు చూసి దించుకోవడం పూజ వల్ల కాదని, నువ్వు పో, నేను రేపు రాత్రి బండికి వస్తానని చెప్పి, తన సంచీ ఆమె చేతిలో పెట్టాడు. సంచీ వచ్చిందంటే వెనక మనిషి కూడా వస్తాడని సుకన్య ధైర్యం చెప్పుకుంది.

కొండ మీదికి చేరిన రోజు సాయంత్రం ఫోన్ చేస్తే, చూస్త, వీలైతే రాత్రి బండి ఎక్కుత, అన్నాడు. మర్నాడు పొద్దున చేస్తే ఫోన్ బంద్ ఉంది.

ఉదయం ఫలహారాల దగ్గర సంఘం కార్యదర్శి ఓంప్రకాశ్ ఒక చావు కబురు చెప్పాడు. ధాన్యం వ్యాపారం చేసే వీరభద్రం గారు నిన్న సాయంత్రం పోయారు, ఇవాళ బజారంతా బంద్. చౌరస్తా బజార్లో పెద్ద వర్తకుడు పోతే ఆ మర్నాడు దుకాణాలన్నీ షట్టర్లు దించాల్సిందే, ఎవరూ చెప్పక్కర్లేదు, ఎవరూ కాదనరు. అందరూ అయ్యో అన్నారు. సుకన్య కూడా అయ్యో అంది కానీ, ఆమె మనసు అప్పటికే వేరే లెక్కలో పడింది. దుకాణం మూతపడింది. ఫోన్ మూగబోయింది. అంటే ఆయన రాత్రే బండెక్కాడు, రైల్లో చార్జింగ్ అయిపోయి ఉంటుంది, సాయంత్రానికల్లా బస్సు దిగుతాడు. వీరభద్రం మంచి మనిషి, ఎప్పుడు కనపడినా అమ్మా అని పలకరించేవాడు. ఆయన పోయిన కబురు విని ఇంత సంతోషపడుతున్నందుకు ఆమెకు సిగ్గేసింది. అయినా సంతోషం తగ్గలేదు.

అందరినీ వ్యానెక్కించి చూడాల్సిన చోట్లన్నీ తిప్పారు. ఎక్కడ ఆగినా జంటలు జంటలుగా దిగడం, లోయ ముందు నిలబడి ఫోటోలు దిగడం, మొక్కజొన్న కంకులు కొనుక్కోవడం. సుకన్య మాత్రం సీట్లోంచి కదల్లేదు. ఎండ కాస్తోంది, గాలి తేటగా ఉంది, కిటికీలోంచి చూపు అటు పోతుంటే కావాలనే తల తిప్పుకుంది. అన్నీ ఆయనతో కలిసి మొదటిసారి చూడాలని ఆమె పంతం. ఓంప్రకాశ్ భార్య శారద వచ్చి, దిగు వదినె, గింత దూరమొచ్చి గీడ కూసుంటవా అని గదమాయించింది. సాయంత్రం ఆయనొచ్చినంక చూస్తానంది సుకన్య. యాభై దాటిన మనిషి కొత్త పెళ్ళికూతురిలా మాట్లాడుతుంటే వ్యానంతా నవ్వుకుంది.

మధ్యాహ్నం చెరువు దగ్గర సైకిళ్ళు అద్దెకు తీసుకున్నారు. చౌరస్తా వర్తకుల ఆడవాళ్ళకు సైకిలంటే షోరూములో చూడ్డమే తప్ప ఎక్కింది లేదు. ఒకరి మీద ఒకరు పడి నవ్వుతూ నిలబడితే, సుకన్య చీర కుచ్చిళ్ళు బిగించి, ఒక సైకిలెక్కి, చక్కగా తొక్కుకుంటూ వెళ్ళిపోయింది. చిన్నప్పుడు తమ పల్లె నుంచి రఘునాథపల్లి హైస్కూలుకు అన్న సైకిలు మీదే పోయేది. ఆ మాట చెప్పినప్పుడల్లా శ్యాంసుందర్ నవ్వేసేవాడు. నీకు సైకిలేంది, గా తరాజు పట్టుకుంటెనే చేతులు వణుకుతయి అనేవాడు. ఇవాళ ఆయనకు చూపిస్తుంది. ఆయనను వెనక కూర్చోబెట్టుకుని తొక్కుతుంది. అసలు ఈ యాత్రలో ఆమెకు కావలసింది అదొక్కటే.

చెరువు చుట్టూ రోడ్డు మలుపులు తిరుగుతూ పోయింది. నీలగిరి చెట్ల వాసన, చల్లటి గాలి. ఒక దిగుడు దగ్గర బ్రేకు వదిలేసింది. ఒళ్ళు తేలిపోయింది, నోట్లోంచి దానంతటదే నవ్వు వచ్చింది. చుట్టూ తిరిగి వచ్చేసరికి మనవాళ్ళు టీ తాగడానికి వెళ్ళిపోయారు. అద్దె సైకిళ్ళ వాళ్ళ భాష ఆమెకు రాదు. ఆ సంతోషాన్ని ఎవరితో చెప్పుకోవాలో తెలియక సుకన్య కాసేపు సైకిలు పట్టుకుని అలాగే నిలబడింది.

కొండ కింది రైలు స్టేషన్ నుంచి బస్సు వచ్చే వేళయింది. ఆ సైకిలిచ్చేసి, ఇద్దరు తొక్కే పొడుగాటి సైకిలు అడిగింది. రెండో మనిషి ఏడని అద్దె మనిషి సైగ చేస్తే, వస్తున్నాడని బస్టాండు వైపు చెయ్యి చూపించింది. ఆ పొడుగాటి సైకిలును బజారు మధ్యలోంచి నడిపించుకుంటూ బస్టాండుకి పోయి, మెట్ల పక్కన నిలబెట్టింది. జుట్టు సర్దుకుంది. బస్సు వచ్చింది. పిల్లలు దిగారు, ముసలివాళ్ళు దిగారు, మూటలు దిగాయి, చివరికి డ్రైవరు కూడా దిగిపోయాడు. ఆమె వెళ్ళి బస్సులోకి తొంగి చూసి వచ్చింది. ఇంకో బస్సు వచ్చింది. అందులోనూ లేడు.

అప్పుడు మళ్ళీ ఫోన్ చేస్తే ఈసారి మోగింది.

"యాడున్నరు?" అంది సుకన్య.

"దుకాణం కాడ."

"దుకాణం బంద్ గదా ఇయ్యాల."

"బందే. ముంగట మెట్ల మీద కూసున్న. పొద్దుగాల్ల సంది గీడనే. ఫోన్ల చార్జింగ్ అయిపోతే ఇంటికి బోయి పెట్టుకొని, తిని, మల్ల వచ్చిన."

లారీ సంగతి అడిగింది. నిన్న బండి టైముకు ముందే సరుకంతా దింపేశారట. మరి బండి ఎందుకు ఎక్కలేదని అడిగితే, ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు చెప్పాడు.

"బజార్ బంద్ అని ఊర్లోళ్ళకు ఎర్కుండది గదా. తొర్రూరు దిక్కు నుంచి పెండ్లి సామానుకు వచ్చేటోళ్ళు ఉంటరు. వచ్చినోళ్ళకు చెప్పెటందుకు మనిషుండాలె గదా."

ఇన్నేళ్ళూ సుకన్య ఆ దుకాణాన్ని తిట్టుకుంది, గల్లాను తిట్టుకుంది. అవి లేకపోతే తన మొగుడు తన పక్కన కూర్చుంటాడనుకుంది. ఇవాళ దుకాణం లేదు, గల్లా లేదు, తాళం కూడా వేసి ఉంది. ఆయన మాత్రం మెట్ల మీద కూర్చున్నాడు.

"జర ఆగు, ఎవరో వచ్చిండ్రు," అన్నాడు శ్యాంసుందర్. ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసినట్టున్నాడు. ఆ వెంటనే ఆయన గొంతు ఎంతో మెత్తగా, ఆమెతో ఎన్నడూ మాట్లాడనంత మెత్తగా వినపడింది. "ఇయ్యాల బంద్ అమ్మా, ఏమనుకోకుండ్రి. రేపు రాండ్రి, తప్పకుండ ఉంట."

మళ్ళీ ఆమెతో మాట్లాడబోతుంటే సుకన్య అంది, "నాకు గూడ పెండ్లయినకాడి సంది గదే చెప్తాండ్రు."

"ఏంది?"

"ఏం లేదు. కూసోండ్రి."

ఫోన్ పెట్టేసింది. ఏడుపు వస్తుందనుకుంది కానీ రాలేదు. రేపు తెల్లవారగానే తిరుగు ప్రయాణం, ఆమె ఇంకా కొండను చూడనే లేదు. ఆ సైకిలు ముందు సీటెక్కి, ఒక్కతే తొక్కుకుంటూ, ఎక్కడానికి వీల్లేని చోట దిగి తోసుకుంటూ, పొద్దున అందరూ లోయను చూసిన కోకర్స్ వాక్ అనే కొండ అంచు బాట దగ్గరికి పోయింది. పోయేసరికి కొండంతా మబ్బు కమ్మేసింది. టికెట్లిచ్చే ఆవిడ చేతులూపుతూ, వచ్చీరాని తెలుగులో, ఏమీ కనపడదు, పొద్దున రావాల్సింది అని నచ్చచెప్పింది. సుకన్య టికెట్ కొనుక్కుని లోపలికి నడిచింది.

కంచె అవతల తెలుపు తప్ప ఏమీ లేదు. లోయ ఎంత లోతో, ఎటు పోతుందో తెలియలేదు. ఇప్పుడు ఏడుపు వచ్చింది. ఆపుకోలేదు, చుట్టుపక్కల చూసేవాళ్ళు కూడా ఎవరూ లేరు. కాసేపటికి శారద ఫోన్ చేసి, అన్న వచ్చిండా, టీకి రండి ఇద్దరూ అంది. రాలేదని, తన కోసం చూడొద్దని చెప్పి, సుకన్య ఆ మబ్బులోనే దారి చివరిదాకా నడిచింది.