తేలికది వద్దు
తేలికదే కొందామంటుంటే ఈ ఇంట్లో ఎవరికీ వినపడదేం అని మా ఆయన మళ్లీ మొదలుపెట్టారు, చెంచా పట్టుకుంటేనే అమ్మ చేయి వణుకుతోంది, ఇంకా బరువెందుకు అని, సాయంత్రం దాకా ఆడి చూసుకోమని కొట్టువాళ్లు ఇచ్చిన పటర్లు రెండూ సోఫాకి ఆనించి ఉన్నాయి, గోల్ఫ్ బంతిని గుంటలోకి మెల్లగా నెట్టే కర్రలు, ఒకటి సన్నటి తలది, తేలికది, రెండోది మాలెట్, వెడల్పు తలది, బరువైనది, దాన్ని చూసి మా అమ్మాయి ఇస్త్రీపెట్టెకి కర్ర తగిలించినట్టుంది నాన్నమ్మా, ఆడుతూ ఆడుతూ నా బట్టలు కూడా ఇస్త్రీ చేసెయ్ అంది, అత్తయ్య నవ్వారు, నవ్వి, ఏదీ వద్దులే, ఆడినంత ఆడాను, రెండూ తిరిగిచ్చేయండి అన్నారు, కుడిచేతిని శాలువా కిందికి దాచుకుంటూ, ఆ దాచుకోవడమే నాకు గుచ్చుకుంది, ఆవిడ ఏదీ దాచుకునే మనిషి కాదు, ఆదివారం పొద్దున్నే వంటిల్లు మగాళ్లకి వదిలేసి కొత్తకోడల్ని గోల్ఫ్ మైదానానికి లాక్కెళ్లిన మనిషి, నాకు కర్ర పట్టుకోవడమే రాదత్తయ్యా అంటే, నేను మాత్రం పట్టుకునే పుట్టానా అన్న మనిషి, అమ్మాయి తివాచీ మీద స్టీలు గ్లాసు పడుకోబెట్టింది, ముందు సన్నదానితో నేనే కొట్టి చూశాను, చేతిలో ఏమీ లేనట్టే ఉంది, తంటా అంతా అదే, మణికట్టు ఇంత కదిలితే చాలు కర్ర తల పక్కకి తిరిగిపోతోంది, బంతి సోఫా కిందికి, మా ఆయన వంగి తీస్తూ నువ్వు సరిగ్గా కొట్టలేదు అన్నారు, పాలు పొంగినా స్టౌ తప్పేం లేదనే రకం, మాలెట్ ఎత్తాను, నిద్రపోయిన పిల్ల భుజం మీద బరువెక్కగానే ఒళ్లు దానంతటదే కుదురుకుంటుందే, అలా కుదురుకున్నాయి చేతులు, కర్ర ఊగింది, పక్కకి పోలేదు, టక్కుమని మెత్తటి చప్పుడు, బంతి గ్లాసులోకి.

ఈ బరువు నాకు తెలుసు, ఎక్కడ, అవును, కడుపు నిలవక ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు, ఆ భోజనాల బల్ల దగ్గరే, నా చేతిలో కప్పు సాసరు మీద టకటకలాడుతుంటే, అందరివీ తేలిక మాటలే, పోనీలే, మళ్లీ పుడతారు, మర్చిపో, అత్తయ్య మాత్రం తన చేయి నా చేతి మీద వేశారు, లావుపాటి చేయి, బరువంతా మోపి, చప్పుడు ఆగేదాకా, ఆగాక కూడా తియ్యలేదు, ఆ తర్వాతి ఆదివారం లే, వెళ్దాం అన్నారు, తడిగడ్డి మీద నా చేతుల చుట్టూ ఆవిడ చేతులు, కళ్లు మూసుకో, చేతికే తెలుస్తుంది అని, నన్ను నిలబెట్టింది ఆ బరువే, ఇన్నేళ్లలో ఆవిడకి ఒక్కసారైనా చెప్పానా.

అత్తయ్యా, ఒక్కసారి లేవండి అన్నాను, శాలువాలోంచి చేయి తీసి మాలెట్ పట్టించి, పైన నా చేయి వేసి, కాసేపాగి తీసేశాను, కర్ర కొస కొద్దిగా అల్లాడింది, తర్వాత నిలిచింది, ఆవిడ కళ్లు మూసుకున్నారు, టక్, బంతి గ్లాసు అంచుకి తగిలి పక్కనే ఆగింది, చూశావా అని మా ఆయన నోరు తెరవబోతే, నువ్వుండరా అన్నారు అత్తయ్య, మనవరాలి వైపు తిరిగి ఇంకోటి వెయ్యవే అన్నారు, సన్నదాన్ని సంచిలో పెట్టి మా ఆయన చేతికిచ్చాను, ఇది తిరిగిచ్చేసి రండి, ఇస్త్రీపెట్టె ఇంట్లోనే ఉంటుంది, ఆదివారం పొద్దున్నే నేనూ అత్తయ్యా వెళ్తున్నాం, వంట మీ తండ్రీకూతుళ్లది అన్నాను, గొంతు పెంచకుండానే.