ఈ కౌంటీలో రికార్డు లేదు

ఆ ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు: ఇంటి పెద్దావిడ ఓపల్, ఆవిడ పెద్దకొడుకు డోయల్, చిన్నకొడుకు కర్టిస్, కర్టిస్ చేసుకోబోయే మార్లా, మార్లా ఎనిమిదేళ్ళ కూతురు కేసీ. చర్చి నుంచి వచ్చి బల్ల చుట్టూ కూర్చున్నారు. డోయల్ భార్య నెల్డా కూడా ఇంట్లోనే ఉంది. కానీ పొయ్యి దగ్గర ఉంది కనక, ఓపల్ ప్రార్థనకి ముందు తలలు లెక్క చూసుకున్నప్పుడు ఐదే వచ్చాయి. కుర్చీలు కూడా ఐదే వేశారు.

గ్రేవీ ఉండలు కట్టకుండా ఉండాలంటే గరిటె ఆపకూడదు. పదహారేళ్ళుగా ప్రతి ఆదివారం నెల్డా ఆ గరిటె తిప్పుతూనే ఉంది. గిన్నె తెచ్చి బల్లమీద పెడితే కర్టిస్ రుచి చూసి, "ఈసారి బాగా కుదిరింది వదినా. ఎవరు చేసిచ్చారు?" అన్నాడు. అందరూ నవ్వారు. నెల్డా కూడా నవ్వింది. ఆ ఇంట్లో నవ్వడం కూడా ఆమె చెయ్యవలసిన పనుల్లో ఒకటి.

కర్టిస్ కేసీ పళ్ళెంలో కోడిమాంసం ఎముక నుంచి విడదీసి, చిన్నచిన్న ముక్కలు చేసి పెడుతున్నాడు. ఓపిగ్గా, మెత్తగా. చూసేవాళ్ళకి ముచ్చటేస్తుంది. మార్లా అన్నం తినడం మానేసి అదే చూస్తోంది. పెళ్ళి మూడు వారాల్లో. పెళ్ళికి ముందే, వచ్చే శనివారమే, తల్లీకూతుళ్ళు అద్దె ఇల్లు ఖాళీ చేసి కర్టిస్ ఇంట్లోకి సామాను చేరవెయ్యాలని మాట అనుకున్నారు.

భోజనాలయ్యాక మగవాళ్ళు వరండాలోకి వెళ్ళారు. ఓపల్ కుర్చీలో కునుకు తీసింది. మార్లా తువ్వాలు అందుకుని, నెల్డా కడిగిన పళ్ళాలు తుడవడానికి వచ్చింది. ఆ ఇంట్లో నెల్డా పక్కన నిలబడి పళ్ళెం తుడిచిన మొదటి మనిషి ఆమే.

"అక్కా, నవ్వకూడదు," అంది మార్లా గొంతు తగ్గించి. "మా పిన్ని ప్రాణం తీస్తోంది. ఆడపిల్లని పెట్టుకుని ఒక మగాడి ఇంట్లోకి పోయేముందు కోర్టుకెళ్ళి అతని పేరుమీద ఏమైనా కేసులున్నాయేమో చూసుకోమంటోంది. కర్టిస్‌తో అంటే, వెళ్ళి చూసుకో, మా వదినే ఇస్తుంది కాగితం అన్నాడు. మంగళవారం వస్తాను. నువ్వున్నావుగా అక్కడ, నాకు భయం లేదు."

నెల్డా కడిగిన పళ్ళాన్నే మళ్ళీ కడిగింది.

ఆమె డన్‌మోర్ కౌంటీ కోర్టులో క్లర్కు. పాత కేసులు వెతికి కావలసినవాళ్ళకి కాగితం ఇవ్వడం ఆమె పని. పేరు, పుట్టిన తేదీ రాసిస్తే చాలు, ఎవరైనా ఎవరి గురించైనా అడగవచ్చు. ఇందులో రహస్యం ఏమీ లేదు. అయితే ఆ ప్రాంతంలో జనానికి ఒక నమ్మకం ఉంది. కోర్టు కంప్యూటర్లో దేశంలో జరిగిన నేరాలన్నీ ఉంటాయని. ఉండవు. కౌంటీ అంటే జిల్లా లాంటిది, ఏ కౌంటీ పుస్తకాలు ఆ కౌంటీవే. ఊరి చివర నది ఉంది. నది మధ్యలో డన్‌మోర్ అయిపోయి హాలిస్ కౌంటీ మొదలవుతుంది. వంతెన దాటి ఇరవై నిమిషాలు పోతే హాలిస్ కోర్టు. కర్టిస్ ఏడేళ్ళు ఆ ఒడ్డున కాపురం ఉన్నాడు, మొదటి భార్య రెనేతో. ఊళ్ళో వాళ్ళకి తెలిసిన కథ వేరు. పడమటి వైపు గ్యాసు గొట్టాలు వేసే పనికి వెళ్ళాడని, పెళ్ళాం లేచిపోయిందని, ఐదేళ్ళ కిందట తిరిగొచ్చాడని.

తొమ్మిదేళ్ళ కిందట ఓపల్‌ని కారులో ఆ కోర్టుకి తీసుకెళ్ళింది నెల్డానే. కర్టిస్ మీద తీర్పు విన్నాక తిరిగి వస్తూంటే వంతెన మీద ఓపల్ ఒకే మాట అంది. "ఇది ఆ ఒడ్డునే ఉండిపోవాలి." అంతే, ఉండిపోయింది.

మంగళవారం పదింటికి మార్లా వచ్చింది. తను పనిచేసే బడి వంటగది నుంచి నేరుగా వచ్చినట్టుంది, జుట్టుకి ఇంకా వల టోపీ ఉంది. ఫారం నింపి కౌంటర్ మీద పెట్టింది. పేరు సరిగ్గా ఉంది. పుట్టిన తేదీ సరిగ్గా ఉంది. వెతకవలసిన కౌంటీ: డన్‌మోర్.

నెల్డా వెనక గోడమీద బోర్డు ఉంది: సిబ్బంది సలహాలు ఇవ్వరు. ఆ బోర్డు పెట్టించింది పై అధికారి హాస్కెల్. "నెల్డా తల్లీ, మనకి నోరు అక్కర్లేదు. వెతుకు, అచ్చు తియ్యి, స్టాంపు వెయ్యి. కౌంటర్ దగ్గర ఆడవాళ్ళు కబుర్లు మొదలుపెడితే నా మీదికి కేసులొస్తాయి," అంటాడు. ఆ పదవికి అక్కడ ఎన్నికలుంటాయి, ఆయన ఓట్లతో గెలిచి వచ్చిన మనిషి. ఓపల్ వెళ్ళే చర్చిలోని ఆడవాళ్ళంతా ఆయనకే వేస్తారు. నెల్డా దగ్గర పని నేర్చుకున్న ఇద్దరు కుర్రాళ్ళు పైగదుల్లో తలుపులున్న ఆఫీసుల్లో కూర్చున్నారు. నెల్డా మాత్రం కౌంటర్ దగ్గరే ఉంది, ఓర్పు ఎక్కువ కనక.

పేరు కొట్టింది. తెర ఖాళీగా వచ్చింది. వస్తుందని తెలుసు. ఒక్క మాట అనవచ్చు. అతను ఇంకెక్కడైనా ఉన్నాడా అని అడిగితే చాలు. అది సలహా కూడా కాదు, ప్రశ్న. ఆ ప్రశ్న నాలుక దాకా వచ్చింది. దాని వెనకే డోయల్ ముఖం, ఆదివారం బల్ల, ఓపల్ కళ్ళు వరసగా వచ్చాయి. ఆమె కాగితం అచ్చు తీసి, ఎర్ర స్టాంపు వేసి, కింద తన సంతకం పెట్టింది. "ఈ కౌంటీలో రికార్డు లేదు." మొదటి రెండు మాటల కింద గోరు పెట్టి ఒక క్షణం ఆపింది. మార్లా గోరు చూడలేదు. స్టాంపు చూసింది.

"నాకు తెలుసు," అంది, కళ్ళు తుడుచుకుంటూ. "అయినా మనసులో పురుగు తొలుస్తూనే ఉంటుంది కదా అక్కా. కేసీ వాళ్ళ నాన్న చేసిన పనికి నాకు మగవాళ్ళ అడుగుల చప్పుడు వింటేనే గుండె దడ. దీన్ని ఫ్రిజ్ మీద అంటిస్తాను. మా పిన్ని వచ్చి చదువుకుంటుంది."

ఆ సాయంత్రం డోయల్ బూట్లు విప్పకుండానే అడిగాడు. "వచ్చిందా?"

"వచ్చింది."

"నువ్వేం అన్నావు?"

"అడిగింది ఇచ్చాను."

"అదీ. నీకు బుర్ర లేదని ఎవరంటారు?" అని, ఆమె భుజం తట్టి టీవీ పెట్టుకున్నాడు.

పావుగంటలో ఓపల్ తన ఇంటి నుంచి ఆపిల్ పై పట్టుకుని వచ్చింది. పదహారేళ్ళలో ఆవిడ నెల్డా కోసం వండి తేవడం అదే మొదటిసారి. "ఇన్నాళ్ళకి మా ఇంటి మనిషి అనిపించుకున్నావు," అంది, స్వయంగా ముక్క కోసి పెడుతూ. "మగాడికి ఒకసారి చెయ్యి జారుతుంది. బతుకంతా దాన్ని మెడకి కట్టి తిప్పుతామా? ఆ రెనే నోరు నువ్వు విన్నావుగా."

నెల్డా ముక్క తిన్నది. డోయల్ ఆమె మీద ఎప్పుడూ చెయ్యెత్తలేదు. ఆమె ఎప్పుడు కన్నీళ్ళు పెట్టుకున్నా పుట్టింట్లో తల్లి అదే చెప్పేది. తాగడు, కొట్టడు, ఇంకేం కావాలే నీకు. ఇంకేం కావాలో నెల్డాకి ఎప్పుడూ చెప్పడం రాలేదు. తనమీద దెబ్బ పడటం లేదన్న దాన్నే సుఖం అనుకుని, దాన్ని పాడుచేసుకోకుండా ఉండటానికి ఎన్ని మింగిందో ఆలోచిస్తే, ఈ ఇల్లు తనని కొట్టలేదు, కొట్టేవాడికి కాపలా పెట్టుకుంది అనిపించింది. జీతం లేని కాపలా. ఈరోజు దానికి బహుమానంగా ఆపిల్ పై. రెనే ముఖం గుర్తొచ్చింది. కోర్టు వరండాలో ఎవరు పిలిచినా కుడివైపుకే తిరిగేది. ఎడమ చెవి వినపడదని అప్పుడు తెలియలేదు.

గురువారం మధ్యాహ్నం భోజనం సమయంలో నెల్డా వంతెన దాటింది. హాలిస్ కోర్టులో కౌంటర్‌కి ఇవతలి వైపు నిలబడి, తను రోజూ అందించే ఫారం లాంటిదే నింపింది. అవతల కూర్చున్నది తన తల్లి వయసు మనిషి. పొట్టి జుట్టు, మెడలో తాడుకి కళ్ళజోడు.

"డన్‌మోర్ అడ్రసు రాశారు. అక్కడ చూశారా?" అంది ఆవిడ.

"చూశాను. ఏం లేదు."

"ఉండదు. మాకు చెప్పకూడదని రూలుంది అనుకోండి, కానీ చెప్తున్నాను. ఈ ప్రాంతంలో మగాడు ఒక కౌంటీలో తంతాడు, ఇంకో కౌంటీలో పెళ్ళాడతాడు. అతను ఉన్న ప్రతి కౌంటీలోనూ అడగాలి. నా దగ్గరికి వచ్చిన ప్రతి ఆడపిల్లకీ ఈ మాట చెప్తాను. మీరెవరికైనా అవసరమైతే చెప్పండి."

నెల్డా తల వంచుకుంది. తనెవరో చెప్పలేదు.

కాగితాల కట్ట ఇచ్చింది ఆవిడ, ముద్ర కొట్టి. నెల్డా కారులో కూర్చుని చదివింది. రెండు కేసులు, రెండూ రెనేని కొట్టినందుకే. మొదటిదాంట్లో నేరం ఒప్పుకుని, బుద్ధిగా ఉంటానని మాటిచ్చి బయటపడ్డాడు. రెండోదాంట్లో నాలుగేళ్ళ జైలు. రెనే వాంగ్మూలం ఉంది. పిల్లలాగా గుండ్రటి అక్షరాలు. తర్వాత, శిక్ష తగ్గించమని జడ్జికి బంధువులు రాసిన ఉత్తరాలు. మూడోది నెల్డాది.

రాసిన సంగతి గుర్తుంది. ఓపల్ వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి చెబుతూంటే రాసింది. "నువ్వు కోర్టులో పనిచేసే మనిషివి, నీ మాటకి విలువుంటుంది," అంది ఓపల్. అది ఫైల్లోకి వెళుతుందని, వెళ్ళినది పోదని, రోజూ ఫైళ్ళతో బతికే మనిషికి ఈ తొమ్మిదేళ్ళలో ఒక్కసారి తట్టలేదు. తట్టనివ్వలేదేమో. "కర్టిస్ ఏ ఆడమనిషికీ హాని తలపెట్టే మనిషి కాడు. అతను మా ఇంట్లో ఉంటే నాకు ధైర్యంగా ఉంటుంది." కింద సంతకం. మంగళవారం నాటి సంతకం లాంటిదే, తేడా లేదు.

ఆ ఒక్క కాగితం తీసేస్తే సరిపోతుంది. మిగతావి చాలు, ఎవరికైనా అర్థమవుతుంది. పిన్ను కిందికి గోరు పోనిచ్చింది. ఒక మూల లేచింది కూడా. అప్పుడు రెనే గుర్తొచ్చింది. ఆమె తరఫున బంధువులు రాసిన ఉత్తరం ఒక్కటీ ఆ కట్టలో లేదు. నెల్డా పిన్ను నొక్కి మళ్ళీ సరిచేసింది. కారు ఆఫీసు వైపు తిప్పలేదు.

మార్లా అద్దె ఇంటి ముందు అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. మెట్లెక్కి తలుపు కొట్టింది. కేసీ ఇంకా బడి నుంచి రాలేదు. సామాను సర్దుకోవడానికి సెలవు పెట్టిన మార్లా తలుపు తీసి, "ఏమిటక్కా, ఈ టైములో?" అంది నవ్వుతూ.

"ఇవి నది అవతలివి. నేను ఇచ్చిన కాగితంలో ఈ కౌంటీ అని మాత్రమే ఉంది. మంగళవారం నేను నీకు చెప్పవలసింది. చెప్పలేదు."

మార్లా నిలబడే చదివింది. పేజీలు నెమ్మదిగా తిరిగాయి. రెనే అక్షరాల దగ్గర పెదవులు కదిలాయి. మూడో ఉత్తరం దగ్గర ఆగి, కింద చూసి, మళ్ళీ పైనుంచి చదివింది.

"ఇది నువ్వు రాశావు."

"నేనే."

"ఫ్రిజ్ మీద ఉన్నది కూడా నీదే." గొంతు పెద్దది చెయ్యలేదు మార్లా. "మొన్నటి నుంచి దాని ముందు నిలబడి కాఫీ తాగుతున్నాను. నిన్న కేసీకి చదివి వినిపించాను. అతను మంచివాడని రాసిన నెల్డా ఒకతె. ఏమీ లేదని స్టాంపు వేసిన నెల్డా ఒకతె. ఇప్పుడు గుమ్మంలో ఒకతె. ఏ నెల్డాని నమ్మమంటావు నన్ను?"

"ఎవర్నీ వద్దు. నన్ను అస్సలు నమ్మకు. రెనే రాసింది చదువు, చాలు."

"అన్నీ తెలిసే ఆదివారం నా పక్కన నిలబడి పళ్ళాలు కడిగావు."

"కడిగాను."

మార్లా తిడితే బాగుండుననుకుంది నెల్డా. మార్లా ఆ కట్టని రెండు చేతులతో గుండెకి అదుముకుంది. అటు ఇంటికీ ఇటు ఉద్యోగానికీ ఇంక ఏ ముఖంతో వెళ్ళాలో నెల్డాకి తెలియలేదు, కానీ కాగితాలు తిరిగి ఇమ్మని మాత్రం చెయ్యి చాపలేదు.

తలుపు ఆమె ముఖం మీద మూసుకుంది. లోపల గడియ పడింది. కాగితాలు లోపలే ఉన్నాయి.