మడత బల్ల దాచిన మాత్రలు

నేను ఒక మడత బల్లను. మడిస్తే పెట్టె, విప్పితే మంచం. నా బతుకులో ఉన్నవి ఈ రెండు అవస్థలే. మడిచినప్పుడు నా ముఖం నాకే అతుక్కుపోయి ఊపిరాడదు. విప్పినప్పుడు ఎవరో ఒకరు మీద పడుకుని ఉంటారు. ఎటు చూసినా చెరే.

రాజమండ్రిలో ఆసుపత్రి మంచాలు చేసే ఒక షెడ్డులో పుట్టాను. కాళ్లు రబ్బరు చెక్క, ఒళ్లు నీలం రెక్సిను, లోపల నాలుగంగుళాల స్పాంజి. నన్ను మోసే పట్టీని దాచడానికి పక్కన ఒక చిన్న సంచి కుట్టారు. ఆ సంచే నాకు నరకం చూపిస్తుందని అప్పుడెవరికి తెలుసు! మొదట ఒక బ్యూటీ పార్లరు వాళ్లు నన్ను కొన్నారు. అక్కడ నాలుగేళ్లు పెళ్లికూతుళ్ల కన్నీళ్లు తాగాను. పెళ్లి గురించి కాదు లెండి, కనుబొమల దారం గురించి. పార్లరు మూతపడ్డాక కాకినాడలో ప్రిస్కిల్లా మేడం ఇంటి ముందుగదికి చేరాను.

ఆవిడ ఫిజియోథెరపిస్టు. దాంతోపాటు క్రేనియోసేక్రల్ థెరపీ అని ఒకటి నేర్చుకుంది. పేరు నోరు తిరగదు గానీ పని మాత్రం మహా నెమ్మది. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, కాసేపు తల కింద, కాసేపు నడుము చివరి ఎముక కింద అరచేతులు పెట్టి ఊరికే కూర్చుంటుంది. నొక్కదు, పిసకదు, విరవదు. చేతి బరువు ఐదు గ్రాములు దాటకూడదట. మొదట్లో నాకు నవ్వొచ్చింది. కానీ అరగంట గడిచేసరికి మీదున్న మనిషిలో బిగువు సడలేది, అది నా స్పాంజికి తెలిసేది. వచ్చిన ప్రతివాళ్లకీ ఆవిడ ఒకే మాట చెప్పేది.

“ఇది జబ్బు తగ్గించే మందు కాదండి. కాస్త హాయిగా ఉంటుంది, అంతే. మీ డాక్టరు గారిచ్చిన మందులు మాత్రం మానకండి.”

అందరూ తలూపేవారు. మనుషులు తలూపినంత మాత్రాన విన్నట్టు కాదు.

వీరవేణి గారు జగన్నాథపురంలో ముప్పై ఏళ్లు పిండి మర నడిపిన మనిషి. మర కట్టేసినా ఆమె చెవుల్లో మోత ఆగేది కాదు. దానికి తోడు తలనొప్పి, బీపీ. మొదటి రోజు నా మీద పడుకుని పది నిమిషాల్లో గుర్రుపెట్టింది. లేచి కళ్లు తుడుచుకుంటూ, “ముప్పయ్యేళ్లయిందండి డాక్టరమ్మా, నా బుర్ర ఇంత నిమ్మళంగా ఉండి” అంది.

“నేను డాక్టర్ని కాదండి” అని ప్రిస్కిల్లా మేడం నవ్వింది.

బీపీ మాత్ర సాయంత్రం ఐదింటికి వేసుకోవాలి. వారానికి రెండుసార్లు ఆమె ఇక్కడికి వచ్చేదీ ఐదింటికే. భర్త సత్తిరాజు గారు వరండాలో కూర్చుని, మాత్ర ఉన్న అట్టముక్కను కత్తిరించి, నీళ్ల సీసాతో సహా ఆమె చేతికిచ్చి పంపేవారు. రెండో వారం నుంచి ఆమె నీళ్లు మాత్రమే తాగింది. వెల్లకిలా పడుకుని, చెయ్యి పక్కకు జార్చి, అట్టముక్కను నా సంచిలోకి తోసేసింది. ఇంట్లో ఉన్న రోజుల్లో ఏం చేసేదో నాకు తెలియదు.

“మాత్ర వేసుకుంటున్నారా?” అని మేడం ప్రతిసారీ అడిగేది.

“ఆయ్, ఎందుకు వేసుకోనండి!”

అబద్ధం! నా పక్కలోనే ఉంది, చూడు తల్లీ! అని అరవాలనిపించేది. నోరు లేనిదాన్ని, ఏం అరుస్తాను? ఆమె ఎక్కినప్పుడల్లా శక్తికొద్దీ కిర్రుమన్నాను. మేడం ఏం చేసిందనుకున్నారు? కుట్టుమిషను నూనె తెచ్చి నా కీళ్లలో పోసింది. ఉన్న ఆ ఒక్క మాటా పోయింది. రెండు నెలలు ఆ మాత్రల్ని కడుపులో పెట్టుకుని, పైన హాయిగా కళ్లు మూసుకున్న ఆ మనిషిని మోస్తూ కుమిలిపోయాను.

ఒక గురువారం ఆమె వచ్చి కూలబడినట్టు పడుకుంది. “ఇయ్యాల మీ చేత్తోనే తగ్గిపోవాలండి. పొద్దుట్నించీ ఎడం చెయ్యి తిమ్మిరెక్కిపోయింది.”

మేడం చేతులు వెనక్కి తీసేసుకుంది. “లేవండి. ముందు ఆసుపత్రికి వెళ్దాం.”

లేవబోతూ వీరవేణి పట్టు కోసం నా సంచిని పట్టుకుంది. నా కుట్టు నేనే విప్పుకున్నానో, పాతబడి తెగిందో చెప్పలేను. సంచి చిరిగింది. అట్టముక్కలన్నీ గచ్చు మీద చెల్లాచెదురయ్యాయి.

“ఇవేంటండీ?” మేడం వంగి చూసింది.

“రెండు మందులు ఒకేసారి పడవని మా అమ్మ చెప్పేదండి. ఒకటి పట్టుకుంటే రెండోది వదలాలంట. మీ చెయ్యి హాయిగా ఉందండి, దాన్ని వదల్లేకపోయాను.”

“నా చెయ్యి మందు కాదని ఎన్నిసార్లు చెప్పానండీ!” అంటూనే మేడం సత్తిరాజు గారిని కేకేసింది. ఆటోలో ముగ్గురూ వెళ్లిపోయారు. నేను విప్పింది విప్పినట్టే, చిరిగిన పక్కతో ఉండిపోయాను.

మర్నాడు మేడం గచ్చు మీది మాత్రలన్నీ ఏరి, వాటిని చూస్తూ చాలాసేపు ఏడ్చింది. తర్వాత నన్ను మడిచి గోడకు చేరేసింది. నెల రోజులు నా ముఖంలో నా ముఖం పెట్టుకుని చీకట్లో ఉన్నాను. వీరవేణి ఉందో పోయిందో చెప్పేవాళ్లు లేరు. అంత చెర నేనెప్పుడూ ఎరగను.

ఒకరోజు వెలుతురు పడింది. మేడం నన్ను విప్పి, నా పక్కన సూది, దారం పట్టుకుని కూర్చుంది. కాసేపటికి వీరవేణి నెమ్మదిగా నడిచి వచ్చింది. ఎడం చేతి వేళ్లు ఇంకా కాస్త మొద్దుగా కదులుతున్నాయి. మేడం ఎదురుగా నిలబడి మాత్ర మింగించింది. “నాలిక చూపించండి” అంది. వీరవేణి చిన్నపిల్లలా నాలిక చాపింది.

తర్వాత పడుకుంది. మేడం అరచేతులు ఆమె తల కిందికి వెళ్లాయి. అలవాటు చొప్పున వీరవేణి చెయ్యి పక్కకు జారి, నా సంచిని తడిమింది. సంచి మూతిని మేడం తెల్లదారంతో గట్టిగా కుట్టేసింది. తడిమిన చేతిని వీరవేణి సిగ్గుగా వెనక్కి తీసుకుంది.

జన్మలో ఒక్కసారి నోరు విప్పాను, దాన్నీ కుట్టేశారు. అయినా నాకు కోపం రాలేదు. పైన ఆమె గుర్రుపెడుతోంది. నేను కిర్రుమనకుండా మోస్తున్నాను.