చెవి వెనక దురద

జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే అంటారు. జుట్టు లేనివాళ్ళకి ఆ అందం కుట్టిపెట్టేది మా మేనత్త. ముప్ఫై ఏళ్ళుగా వల మీద ఒక్కో వెంట్రుకా ముడివేసి విగ్గులు చేస్తోంది. నా తల మీదున్నదీ ఆమె కుట్టిందే. పదహారో ఏట జబ్బుచేసి రాలిపోయిన జుట్టు మళ్ళీ రాలేదు. ఆ సంగతి ఇంట్లోవాళ్ళకి తప్ప నరమానవుడికి తెలియదు.

మూడు నెలలుగా ఆమె విగ్గుల కొట్టుకి కొత్త మనిషి రాలేదు. వెబ్‌సైట్లు తయారుచేయడం నా పని కాబట్టి అత్తయ్యకీ ఒకటి చేసిపెట్టాను. కస్టమర్ల మాటలూ అందులో పెట్టాను. 'చాలా బాగుంది, ఒక గృహిణి.' 'అద్భుతం, ఒక టీచరు.' అన్నీ వాళ్ళు నిజంగా అన్నవే. అయినా అవి చదివి మా ఆయనే నవ్వాడు.

"అన్నీ నువ్వే రాశావు కదూ?"

మొగుడే నమ్మనిది ఊరేం నమ్ముతుంది? ఒళ్ళు మండింది.

"పేరూ ఫొటో ఉండాలత్తయ్యా," అన్నాను.

"బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టకే! అలా చెప్పుకునేవాళ్ళయితే నా దగ్గరికెందుకొస్తారు? ఎవరూ కనిపెట్టకపోవడమే నా పనితనం. ఈ నెలాఖరుదాకా చూస్తాను. తర్వాత కొట్టు మూసేస్తా."

నన్ను అడగలేదు. నా తల వైపైనా చూడలేదు. అదే నాకు గుచ్చుకుంది.

నలుగురు కస్టమర్లకి ఫోన్ చేశాను. ముగ్గురు కుదరదన్నారు. నాలుగో ఆవిడ, "మీరైతే పెడతారా?" అంది. తన దాకా వస్తే గానీ తెలియదంటారే, అదీ నా పరిస్థితి. వారం రోజులు నానబెట్టాను.

ఆదివారం పొద్దున నా పేరు పెట్టి, జుట్టుతో ఒకటి, ఉత్త తలతో ఒకటి, రెండు ఫొటోలు ఎక్కించాను. 'బాగుంది' అని మొదలుపెట్టి చెరిపేశాను. తర్వాత ఇలా రాశాను: 'పదిహేనేళ్ళుగా ఆవిడ కుట్టినవే పెట్టుకుంటున్నాను. మా ఆఫీసులో ఎవరూ కనిపెట్టలేదు. గాలి వీస్తే నా చెయ్యి తల మీదికి పోతుంది గానీ, విగ్గు ఎప్పుడూ కదల్లేదు. ఎండాకాలం ఎడమ చెవి వెనక కుట్టు దురద పెడుతుంది. అయినా వేరేవాళ్ళవి పెట్టుకోను.'

మర్నాడు కొట్టుకి వెళ్ళేసరికి అత్తయ్య ఫోన్ పట్టుకుని కూర్చుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మెచ్చుకుంటుందనుకున్నాను.

"దురద పెడుతుందా? పదిహేనేళ్ళూనా? నాకొక్క మాట చెప్పలేదేమే?"

"నువ్వు బాధపడతావని."

"మొద్దు మొహమా! తియ్యి, ఇటివ్వు."

తీసి ఇచ్చాను. చెవి దగ్గరి కుట్టు విప్పి మెత్తని గుడ్డ అతకసాగింది. వీధి తలుపు బార్లా తీసి ఉంది. లేచి వేద్దామనుకుని మానేశాను. తలకి గాలి హాయిగా తగులుతోంది.

స్కార్ఫ్ కట్టుకున్న ఒకావిడ గుమ్మంలో ఆగింది. బల్ల మీద వరసగా ఉన్న విగ్గుల్ని ఆవిడ చూడనేలేదు. నా తల చూసి లోపలికొచ్చింది.

"ఆ దురద తగ్గిందాండీ?" అంది.

"ఇదిగో, ఇప్పుడే బాగుచేస్తోంది," అంటూ పక్క కుర్చీ ఆవిడకి జరిపాను.